నార్వేవాళ్లు చేపను ఎండబెట్టి, మళ్లీ ఎందుకు నానబెడతారు?

డిసెంబరు నెలలో నార్వేలో కాస్త పాతకాలపు హోటల్‌కి వెళ్తే మెనూలో లూటెఫిస్క్ అనే వంటకం కనబడుతుంది. ప్లేటులో తెల్లగా, ఇంచుమించు అద్దంలా, ముట్టుకుంటే వణికే చేప ముక్క. పక్కన ఉడికించిన బంగాళాదుంపలు, మెత్తగా మెదిపిన బఠాణీలు, వేయించిన పంది మాంసం ముక్కలు, వాటిలోంచి కారిన వేడి కొవ్వు. ఆ చేపకంటూ పెద్ద రుచి ఉండదు. అది తయారయ్యే పద్ధతి వింటే ఇంకా ఆశ్చర్యం వేస్తుంది. కాడ్ చేపను కర్రలా బిగిసిపోయేదాకా గాలికి ఎండబెడతారు. దాన్ని వారం రోజులు నీళ్లలో నానబెడతారు. తరవాత సబ్బు తయారీలో వాడే కాస్టిక్ సోడా కలిపిన నీళ్లలో రెండు మూడు రోజులు ఉంచుతారు. పూర్వం దీనికి బిర్చ్ కట్టెల బూడిద తేట వాడేవాళ్లు. ఆ ఘాటు పూర్తిగా పోయేదాకా ఇంకో నాలుగైదు రోజులు నీళ్లు మారుస్తూ ఉంటారు. అప్పుడు గానీ పొయ్యి మీదకు ఎక్కదు.

గుమ్మం ముందే సముద్రం, దాన్నిండా చేపలు. ఇవాళ ప్రతి ఇంట్లో ఫ్రీజర్ ఉంది. అలాంటప్పుడు ఇంత శ్రమ ఎందుకు?

నార్వే తిండి గురించి రాసేవాళ్లు చాలామంది ఇక్కడే ఆగిపోతారు. సోడాలో నానిన చేప, నెలల తరబడి పులియబెట్టిన చేప, తియ్యటి బ్రౌన్ చీజ్, గొర్రె తలకాయ అంటూ ఒక వింతల చిట్టా రాసి వదిలేస్తారు. నాకు ఆ పద్ధతి అన్యాయంగా అనిపిస్తుంది. ఒక్కో వంటకాన్ని విడిగా పట్టుకుని చూస్తే ఏ దేశం తిండైనా వింతగానే ఉంటుంది. దాన్ని వాళ్ల క్యాలెండరు పక్కన పెట్టి, ఏ నెలలో ఏం దొరుకుతుంది, ఏ నెలలో ఏదీ దొరకదు అని లెక్క వేసుకుంటే ప్రతి వంటకానికీ కారణం దొరుకుతుంది.

కర్ర మీద చెక్కిన సంవత్సరం

నార్వే భూమిలో సాగుకు పనికొచ్చేది సుమారు 3 శాతం. మిగతాదంతా కొండలు, అడవులు, చిత్తడి నేలలు, మంచు. వేసవి చాలా చిన్నది కాబట్టి పూర్వం గోధుమ సరిగ్గా పండేది కాదు. బార్లీ, ఓట్స్ పండేవి. గడ్డి మాత్రం బాగా పెరుగుతుంది, అందుకే ఆవులు, మేకలు, గొర్రెలు. కానీ చలికాలమంతా పశువులను కొట్టంలోనే కట్టేసి, వేసవిలో కోసి ఎండబెట్టిన గడ్డితో మేపాలి. ఎంత గడ్డి దాస్తే అన్ని పశువులే చలి దాటుతాయి. మిగిలినవాటిని మంచు పడకముందే కోయక తప్పదు. అంటే మాంసం మొత్తం సెప్టెంబరు, నవంబరు మధ్యలో ఒక్కసారిగా చేతికొస్తుంది. పాలు వేసవిలో పొంగిపొర్లుతాయి, చలికాలంలో అడుగంటుతాయి. కాడ్ చేపలు జనవరి నుంచి ఏప్రిల్ దాకా కోట్లలో వచ్చి, గుడ్లు పెట్టి వెళ్లిపోతాయి. ఏదొచ్చినా వరదలా వస్తుంది, ఆ తరవాత నెలల తరబడి కరువు. వచ్చిన వరదను ఎలా నిలవ చేసుకోవాలన్నదే అక్కడి ఇల్లాళ్ల ముందున్న ప్రశ్న. వాళ్ల వంటంతా దాని చుట్టూ అల్లుకున్నదే.

అచ్చు క్యాలెండర్లు ఇళ్లలోకి రాకముందు అక్కడి రైతులు ప్రిమ్‌స్టావ్ అనే చెక్క బద్ద వాడేవాళ్లు. దానికి ఒకవైపు వేసవి, రెండోవైపు చలికాలం. ఏప్రిల్ 14న వేసవి వైపు, అక్టోబరు 14న చలికాలం వైపు తిప్పి గోడకు తగిలించేవాళ్లు. లెక్కలో ఉన్నవి ఆ రెండు కాలాలే. రోజుకో గీత, ముఖ్యమైన రోజులకు చిన్న చిన్న బొమ్మలు. జులై 29 సెయింట్ ఓలావ్ రోజు, దానికి గొడ్డలి గుర్తు. డిసెంబరు 9న కూజా బొమ్మ ఉంటే క్రిస్మస్ బీరు కాచడం మొదలుపెట్టాలని అర్థం. డిసెంబరు 21 థామస్ రోజు, దానికి పీపా బొమ్మ. అప్పటికి బీరు కాచడం, కట్టెలు కొట్టడం అన్నీ అయిపోవాలి. మన ఏరువాక పున్నమి రైతుకు ఎలా పనిని గుర్తుచేస్తుందో ఆ గుర్తులూ అలాగే ఏ రోజుకు ఏ పని కావాలో చెప్పేవి.

ఉత్తరాన రెయిన్‌డీర్ మందలతో తిరిగే సామీ ప్రజల లెక్క వేరు. వాళ్ల సంవత్సరంలో 8 ఋతువులు. మంద ఎప్పుడు ఎటు కదులుతుందో, ఎప్పుడు ఈనుతుందో దాన్నిబట్టి ఋతువు. రెయిన్‌డీర్ మాంసం, దుంపలు, క్యారెట్లు వేసి నిదానంగా ఉడికించే బిదోస్ అనే పులుసు వాళ్ల పెళ్లిళ్లలో, ఫిబ్రవరి 6న వచ్చే సామీ జాతీయ దినాన తప్పనిసరి. నార్వే వంట అంటూ రైతుల గురించే చెప్పి వీళ్లను వదిలేయడం సరికాదు.

ఇక నిలవ చేసిన తిండి పెట్టుకునే చోటు. పాత రైతు ఇళ్ల పెరట్లో స్టాబుర్ అనే చెక్క గది విడిగా ఉంటుంది. దగ్గరికెళ్లి చూస్తే దాని కట్టుబడిలో ఉన్న తెలివి అర్థమవుతుంది. గది నేలకు ఆనదు, పొట్టి స్తంభాల మీద నిలబడుతుంది. మెట్లు గుమ్మం దాకా వెళ్లవు, గుమ్మానికి జానో బెత్తెడో ఎడం వదిలి ఆగిపోతాయి. మనిషి అడుగు పెద్దదిగా వేసి లోపలికి వెళ్తాడు, ఎలుక మాత్రం ఆ ఎడం దాటలేదు. లోపల దూలాలకు ఉప్పు పట్టించి ఆరబెట్టిన పంది తొడలు, గొర్రె కాళ్లు వేలాడుతుంటాయి. మూలన పలచటి రొట్టెలు దొంతరలుగా పేర్చి ఉంటాయి. మా అమ్మమ్మగారింట్లో అటక మీద జాడీలు, ఉట్టి మీద కుండలు చూసి పెరిగినవాడిని కాబట్టి, ఈ గది ఫొటో మొదటిసారి చూసినప్పుడు ఆ ఇల్లాలు నాకు బాగా తెలిసిన మనిషిలా అనిపించింది.

ఆ రొట్టెలు ఫ్లాట్‌బ్రో అంటారు. బార్లీ, ఓట్స్ పిండితో అప్పడమంత పలచగా ఒత్తి, పెద్ద పెనం మీద తడి పూర్తిగా పోయేదాకా కాలుస్తారు. పొడిచోట ఉంచితే ఏళ్ల తరబడి పాడవవు. వీటిని రోజూ కాల్చుకోకుండా ఏడాదికి ఒకటి రెండుసార్లే కాల్చడానికి కారణం నీళ్లు. ఊళ్లలో ఉండే చిన్న చిన్న నీటి మరలు మంచు కరిగే వసంతంలో, వానలు పడే శరత్తులో మాత్రమే తిరిగేవి. పిండి అప్పుడే దొరుకుతుంది, రొట్టెల పనీ అప్పుడే. ఊళ్లో ఆడవాళ్లంతా ఒకరింటి తరవాత ఒకరింటికి వెళ్లి కాల్చేవాళ్లు. మన వైపు వేసవిలో అప్పడాలకు, వడియాలకు ఇరుగుపొరుగు కూడినట్టే.

గాలి ఎండబెట్టిన చేప

నిలవ పద్ధతుల్లో నన్ను ఎక్కువగా కట్టిపడేసేది లోఫోటెన్ దీవుల ఎండు చేప, టోర్‌ఫిస్క్. ఇందులో ఉప్పు ఒక్క రవ్వ కూడా పడదు.

లోఫోటెన్ 68 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో, ఆర్కిటిక్ వలయానికి పైన ఉంది. అంత ఉత్తరాన సముద్రం గడ్డకట్టాలి. కానీ అట్లాంటిక్ నుంచి వచ్చే వెచ్చటి ప్రవాహం వల్ల అక్కడ ఫిబ్రవరి, మార్చిలో కూడా చలి సున్నా డిగ్రీల చుట్టుపక్కలే తచ్చాడుతుంది. సరిగ్గా ఆ నెలల్లోనే బారెంట్స్ సముద్రం నుంచి స్క్రై అనే వలస కాడ్ గుడ్లు పెట్టడానికి ఇక్కడికి వస్తుంది. పట్టిన చేపల తలలు తీసి, కడుపు శుభ్రం చేసి, తోక దగ్గర రెండేసి కలిపి కట్టి, యెల్ అనే చెక్క పందిళ్లకు వేలాడదీస్తారు. ఫిబ్రవరి నుంచి మే దాకా అవి అక్కడే ఉంటాయి.

ఇందులో అసలు సంగతి వాతావరణం. చలి ఇంకాస్త ఎక్కువైతే చేప లోపల నీరు గడ్డకట్టి కండ చిట్లిపోతుంది. ఇంకాస్త వేడైతే కుళ్లుతుంది, ఈగలు వాలి పురుగు పడుతుంది. ఈగలు లేచే కాలానికి చేప పైపొర బిగుసుకుపోయి ఉండాలి. సముద్రపు గాలి, నడుమ పడే కాస్త వాన, కాస్త ఎండ, అన్నీ సమపాళ్లలో కుదరాలి. వేసవి మొదట్లో చేపలను దించి, లోపల గాలి ఆడే గోదాముల్లో ఇంకొన్ని నెలలు ఉంచుతారు. 5 కిలోల పచ్చి చేప సుమారు కిలో ఎండు చేప అవుతుంది. నీరంతా పోయి మాంసకృత్తులు మిగులుతాయి, ఏళ్ల తరబడి నిలవ ఉంటుంది. దాన్ని గ్రేడ్లుగా విడదీయడానికి వ్రాకర్ అనే నిపుణుడు ఉంటాడు. ఒక్కో చేపను చేతిలోకి తీసుకుని, వెలుతురుకు పట్టి, మెడ దగ్గర వాసన చూసి, ఇది ఇటలీకి, ఇది నైజీరియాకు అని వేరు చేస్తాడు. సుమారు 20 రకాల గ్రేడ్లు.

నార్వే చరిత్రలో డబ్బు ఈ చేప మీదే తిరిగింది. నూనె నిక్షేపాలు బయటపడింది 1969లో. దానికి ఎన్నో శతాబ్దాల ముందు నుంచే ఆ దేశానికి ఎగుమతి అంటే ఎండు చేప. 1360 ప్రాంతంలో జర్మన్ వర్తకుల హాన్సా సంఘం బెర్గెన్ రేవులో కార్యాలయం పెట్టింది ఈ వ్యాపారం కోసమే. ఉత్తరాన పంట పండదు, దక్షిణాన చేప కావాలి. చేప వెళ్లేది, ధాన్యం వచ్చేది.

ఇటలీ కథ ఇంకా బాగుంటుంది. వెనిస్‌కు చెందిన పియెత్రో క్వెరీని ఓడ క్రీట్ నుంచి ఫ్లాండర్స్ వెళ్తూ తుఫానులో చిక్కి ధ్వంసమైంది. బతికిన కొద్దిమంది 1432 జనవరిలో లోఫోటెన్ కొసన ఉన్న రోస్ట్ దగ్గర ఒడ్డుకు కొట్టుకొచ్చారు. అక్కడి జాలరులు వాళ్లను ఇళ్లలో పెట్టుకుని నెలల తరబడి సాకారు. ఉప్పు లేకుండా గాలికి ఎండి కర్రలా అయ్యే చేపల గురించి, వాటిని బాది మెత్తబరిచి వెన్నతో తినడం గురించి క్వెరీని వివరంగా రాశాడు. ఇవాళ వెనిస్ వైపున్న విచెంజా పట్టణపు పేరున్న వంటకం ఈ చేపతోనే చేస్తారు. నైజీరియాకూ ఇది బాగా వెళ్తుంది. 1967 నుంచి 1970 దాకా అక్కడ జరిగిన బియాఫ్రా అంతర్యుద్ధంలో ఆకలితో ఉన్నవాళ్లకు పంపిన సహాయంలో ఎండు చేప కూడా ఉంది. చేపల తలలు కూడా ఎండబెట్టి అక్కడికే పంపుతారు, పులుసుల్లోకి.

ఉప్పు పట్టించి ఎండబెట్టే క్లిప్‌ఫిస్క్ ఇంకో రకం, అది తరవాతి కాలంలో వచ్చింది. సముద్రపు బండల మీద ఆరబెట్టేవాళ్లు కాబట్టి ఆ పేరు. క్రిస్టియన్‌సుండ్ పట్టణం దాని మీదే పెరిగింది. మన కోస్తాలో ఉప్పు చేప తిన్నవాళ్లకు దీని గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు.

ఇప్పుడు లూటెఫిస్క్ దగ్గరికి మళ్లీ వద్దాం. కర్రలాంటి చేపను ఎండాకాలం, వానాకాలం దాటించి చలికాలం దాకా దాచారు. దాన్ని తినాలంటే నీరు తిరిగి ఎక్కించాలి. మామూలు నీళ్లు కొంతవరకే పని చేస్తాయి. క్షారం కండలోని మాంసకృత్తులను వదులు చేసి, చేపను ఉబ్బేలా చేస్తుంది. అందుకే ఆ అద్దంలాంటి తెలుపు, ఆ వణుకు. వెండి చెంచాలు తగిలితే నల్లబడతాయని వాటిని దూరం పెట్టేవాళ్లు. క్యాథలిక్ కాలంలో క్రిస్మస్‌కు ముందు మాంసం మానేసే ఉపవాస రోజులుండేవి, అప్పుడు తినగలిగేది చేపే. దేశం ప్రొటెస్టెంట్ శాఖకు మారింది, ఉపవాసం పోయింది, డిసెంబరు చేప మాత్రం ఉండిపోయింది. దానికి తోడు అమెరికా కథ ఒకటి. 1825 నుంచి నూరేళ్లలో 8 లక్షలకు పైగా నార్వేజియన్లు అమెరికా వెళ్లారు. మిన్నెసోటా, విస్కాన్సిన్ చర్చిల్లో ఇవాళ్టికీ చలికాలం వస్తే లూటెఫిస్క్ విందులు పెడతారు. ఊరు వదిలి వెళ్లినవాళ్లే ఊరి తిండిని గట్టిగా పట్టుకుంటారని అమెరికాలో ఉన్న మనవాళ్లకు వేరే చెప్పాలా?

కొండ మీద పాలు

చేప మగవాళ్ల కథ అయితే పాలు ఆడవాళ్ల కథ. వేసవి రాగానే ఆవులను, మేకలను కొండ మీద ఉండే సేటర్ అనే మకాంకు తోలుకుపోయేవాళ్లు. పల్లంలో గడ్డి చలికాలానికి దాచాలి, కాబట్టి పశువులు పైన మేయాలి. బుడెయె అని పిలిచే అమ్మాయిలు రెండు మూడు నెలలు అక్కడే ఉండి పాలు పితికి, వెన్న తీసి, చీజ్ చేసేవాళ్లు. పాలను కిందికి మోసుకురాలేరు, వెన్న, చీజ్ అయితే తేగలరు. స్వీడన్, నార్వే దేశాల ఈ వేసవి మకాం సంప్రదాయాన్ని 2024లో యునెస్కో తన జాబితాలో చేర్చింది.

చీజ్ చేశాక విరిగిన పాల తేట మిగులుతుంది. దాన్ని పారబోయకుండా గంటల తరబడి మరిగిస్తే నీరు ఇగిరి, అందులోని పాల చక్కెర మాడీ మాడకుండా గోధుమరంగుకు తిరుగుతుంది. గుడ్‌బ్రాన్స్‌డాలెన్ లోయలో అన్నె హోవ్ అనే అమ్మాయి 1863లో ఆ మరిగే తేటలో మీగడ కూడా పోసింది. చిక్కటి, కోయడానికి వీలైన, తియ్యటి ముద్ద తయారైంది. అప్పటికి ఆమె వయసు 17. ఇవాళ నార్వేలో ప్రతి ఇంటి ఫ్రిజ్‌లో ఉండే బ్రూనోస్ట్ అక్కడి నుంచి వచ్చింది. ధాన్యం ధరలు పడిపోయిన రోజుల్లో ఈ చీజ్ ఆ లోయ రైతులను నిలబెట్టింది. 1933లో, 87 ఏళ్ల వయసులో, ఆమెకు రాజుగారి పతకం వచ్చింది. దీన్ని పాలకోవాతో పోల్చాలనిపిస్తుంది, కాస్త పోలిక ఉంది కూడా. కానీ కోవాకు పాలు మొత్తం మరిగిస్తాం, బ్రూనోస్ట్‌కు మొదలు తేట. పారబోసేదాన్ని పండగ వస్తువు చేసిన తెలివి అది. దీన్ని పలచగా కోయడానికి వాడే పరికరాన్ని 1925లో లిల్లెహామర్‌కు చెందిన వడ్రంగి థోర్ బ్యోర్క్‌లుండ్ తన చిత్రిక చూసి తయారుచేశాడు. ప్రపంచమంతా ఇప్పుడు అదే చీజ్ స్లైసర్.

వేసవి పండగలకు పుల్లటి మీగడతో చేసే రోమెగ్రోట్ అనే జావ ఉంటుంది. మీగడను మరిగించి పిండి వేసి కలుపుతుంటే వెన్న తేలి పైకి వస్తుంది. ఆ వెన్న తీసి పెట్టుకుని, తరవాత జావ మీద పోసి, చక్కెర, దాల్చినచెక్క పొడి చల్లి, పక్కన ఉప్పు మాంసం పెట్టుకుని తింటారు. జూన్ 23 రాత్రి నెగళ్ల పండగకు, గడ్డికోతలకు, జులై 29న ఇదే. పాలు పొంగే కాలంలోనే మీగడ పండగ వస్తుంది.

క్రిస్మస్ రాత్రి ఏ మాంసం?

ఒక నార్వేజియన్‌ను క్రిస్మస్ ముందు రాత్రి మీ ఇంట్లో ఏం తింటారని అడిగితే వాళ్ల ఊరు ఎటువైపో తెలిసిపోతుంది. తూర్పువైపు వాళ్లు రిబ్బె అంటారు, చర్మం పటపటలాడేలా కాల్చిన పంది పక్కటెముకల మాంసం. పడమటి తీరం వాళ్లు పిన్నెషోట్ అంటారు, ఉప్పు పట్టించి ఎండబెట్టిన గొర్రె పక్కటెముకలు. కారణం భూమిలోనే ఉంది. తూర్పున చదును పొలాలు, ధాన్యం, దానితో బలిసే పందులు. పడమట నిటారు కొండలు, గొర్రె తప్ప ఇంకేదీ ఎక్కలేని పచ్చిక.

పిన్నెషోట్ తయారీ చూస్తే సంవత్సరం మొత్తం కనబడుతుంది. వేసవంతా కొండ మీద మేసిన గొర్రె సెప్టెంబరులో దిగుతుంది. పక్కటెముకలను ఉప్పులో ఊరబెట్టి, చల్లటి అటకలో వారాల తరబడి వేలాడదీస్తారు. కొన్ని ఊళ్లలో పొగ కూడా పడతారు. డిసెంబరు 23న నీళ్లలో వేస్తే 24 నాటికి ఉప్పు దిగుతుంది. పెద్ద గిన్నె అడుగున బెరడు తీసిన బిర్చ్ పుల్లలు అడ్డదిడ్డంగా పేర్చి, పుల్లలు మునిగేదాకా నీళ్లు పోసి, పైన మాంసం పెట్టి మూడు గంటలు ఆవిరి మీద ఉడికిస్తారు. పుల్లను పిన్నె అంటారు. మాంసం ఎముక నుంచి దానంతటదే జారిపోవాలి. పక్కన టర్నిప్ జాతికి చెందిన పసుపుపచ్చ దుంపను వెన్నతో మెదిపి పెడతారు. ఆ దుంప కూడా చలికాలమంతా నిలవ ఉండేదే.

అదే గొర్రె శరత్తులోనే ఇంకో వంటకం అవుతుంది, ఫోరికోల్. ఎముకతో ఉన్న గొర్రె మాంసం, క్యాబేజీ, మిరియాలు, ఉప్పు. పొరలు పొరలుగా పేర్చి రెండు గంటలకు పైగా ఉడికిస్తారు. అంతే. ఇది నిలవ వంట కాదు, కొండ దిగిన గొర్రె, అప్పుడే కోసిన క్యాబేజీ ఒకే నెలలో కలవడమే దీని పుట్టుక. 1972లో ఒక రేడియో కార్యక్రమంలో దీన్ని జాతీయ వంటకంగా ఎన్నుకున్నారు, 2014లో ఇంకోసారి జరిగిన ఎంపికలోనూ ఇదే గెలిచింది. సెప్టెంబరు చివరి గురువారం దీని రోజు.

శరత్తులో మొదలై క్రిస్మస్ ముందు బల్ల మీదికి వచ్చే ఇంకో నిలవ రాక్‌ఫిస్క్. మంచినీటి ట్రౌట్ చేపను శుభ్రం చేసి, ఉప్పు, చిటికెడు చక్కెర వేసి, పీపాలో కడుపు పైకి ఉండేలా పేర్చి, బరువు పెట్టి, దాని నీటిలోనే రెండు నెలల నుంచి ఏడాది దాకా చల్లగా ఊరనిస్తారు. వండరు, పచ్చిగానే తింటారు, లెఫ్సె అనే మెత్తటి రొట్టెలో ఉల్లిపాయ, పుల్లటి మీగడతో చుట్టుకుని. ఈ పేరు 1348 నాటి రాతల్లోనే ఉంది. వాల్డ్రెస్ లోయ దీనికి పెట్టింది పేరు, ఫాగెర్నెస్‌లో ఏటా నవంబరులో దీని పండగ జరుగుతుంది. సరిగ్గా చేయకపోతే ప్రమాదకరమైన సూక్ష్మజీవులు పెరుగుతాయి, గర్భిణులు తినకూడదని అక్కడి డాక్టర్లు గట్టిగా చెబుతారు. పులిసినదంతా మంచిదేనన్న భావన మనలోనూ ఉంది కాబట్టి ఈ మాట చెప్పాలి.

ఇక బీరు. పడమటి నార్వేలో ఒకప్పుడు అమల్లో ఉన్న గులాటింగ్ చట్టం ప్రకారం ప్రతి రైతూ క్రిస్మస్‌కు బీరు కాచి తీరాలి. పంట బాగా పండాలి, శాంతి ఉండాలి అని దాన్ని ఎత్తి తాగాలి. కాచకపోతే జరిమానా. మూడేళ్లు వరసగా ఎగ్గొడితే ఆస్తి మొత్తం పోయేది, సగం రాజుకు, సగం బిషప్‌కు.

పాతది అంటే ఎంత పాతది?

నార్వే తిండి అనగానే వైకింగుల మాట ఎత్తడం మామూలైపోయింది. ఇక్కడ కొంచెం చిక్కు విప్పాలి. ఎండు చేప నిజంగానే వైకింగుల కాలం నాటిది. కానీ దాని పక్కన ఉండే బంగాళాదుంప నార్వేలోకి వచ్చింది 18వ శతాబ్దం మధ్యలో. చర్చి ఫాదర్లు ప్రార్థన వేదిక మీద నుంచి దుంప సాగు గురించి చెప్పేవాళ్లు, వాళ్లకు బంగాళాదుంప ఫాదర్లని పేరు కూడా పడింది. 1807 నుంచి 1814 దాకా బ్రిటిష్ నౌకలు ధాన్యం రాకుండా అడ్డుకున్నప్పుడు వచ్చిన ఆకలి దుంపను ఇంటింటికీ చేర్చింది. ఈనాటికీ అక్టోబరు మొదట్లో బడులకు వచ్చే వారం సెలవులను పాతవాళ్లు దుంపల సెలవులంటారు, అప్పట్లో పిల్లలు పొలంలో దుంపలు తవ్వేవాళ్లు. దుంపతో కాచి, షాజీరా లాంటి కారవే గింజలతో వాసన పట్టించే ఆక్వవిట్ అనే సారా కూడా ఆ తరవాతదే. 1805లో అమ్మకానికి బటావియా (ఇప్పటి ఇండోనేషియాలోని జకార్తా) దాకా తీసుకెళ్లిన కొన్ని పీపాలు అమ్ముడుపోక తిరిగొచ్చాయి. ఓడ ప్రయాణంలో రుచి బాగుపడిందని గమనించి, ఇప్పటికీ ఒక రకం సారాను భూమధ్యరేఖ దాటించి తెచ్చి అమ్ముతారు.

క్రిస్మస్‌కు ఇళ్లలో చేసే ఏడు రకాల బిస్కెట్లు కూడా 19వ శతాబ్దంలో ఇనుప పొయ్యిలు వచ్చాకే అందరికీ సాధ్యమయ్యాయి. వాటిలో చాలావాటికి వాసన ఇచ్చేది యాలకులు. ఫోరికోల్‌లో మిరియాలు, తియ్యటి బన్నుల్లో యాలకులు, జావ మీద దాల్చినచెక్క. ఉత్తర ధ్రువం దగ్గరి వంటింట్లో మన పడమటి కనుమల వాసన. దీని గురించి అక్కడివాళ్లు పెద్దగా ఆలోచించరు, మనం కూడా పచ్చిమిరపకాయ ఎక్కణ్నుంచి వచ్చిందని ఆలోచించనట్టే.

క్రిస్మస్ బియ్యం జావ ఇంకా ఆసక్తికరం. బియ్యం, పాలు, ఉప్పు వేసి నిదానంగా ఉడికించి, గిన్నెలో వడ్డించి, నడుమ వెన్న ముద్ద పెట్టి, చక్కెర, దాల్చినచెక్క చల్లుతారు. చూస్తే మన పరమాన్నం చెల్లెలిలా ఉంటుంది. నార్వేలో బియ్యం పండదు, కాబట్టి ఒకప్పుడు అది డబ్బున్నవాళ్ల వస్తువు. మిగతావాళ్లు బార్లీ జావే కాచుకునేవాళ్లు. ఓడల్లో వచ్చే బియ్యం చౌక అయ్యాక పండగ జావ బియ్యందైంది. జావలో ఒక బాదం గింజ దాస్తారు. ఎవరి గిన్నెలో వస్తే వాళ్లకు బాదం ముద్దతో చేసిన పంది బొమ్మ. ఒక గిన్నె జావ పశువుల కొట్టంలో నిస్సె కోసం పెట్టేవాళ్లు. నిస్సె అంటే ఆ ఇంటిని, పశువులను కాచే పొట్టి మనిషి. వెన్న వేయడం మరిచిపోతే అలుగుతాడు.

ఫ్రీజర్ వచ్చాక ఈ నిలవ తిండి అవసరం తీరిపోయింది. రోజువారీ తిండి మారిపోయింది కూడా. మధ్యాహ్నం బ్రెడ్డు ముక్కల మీద బ్రూనోస్ట్ పెట్టి కాగితంలో చుట్టుకున్న డబ్బా భోజనం, సాయంత్రం అయిదు లోపు ఒక వేడి వంట, శుక్రవారం వస్తే చాలా ఇళ్లలో టాకోలు. కానీ పాత తిండి పోలేదు, పండగల్లోకి జరిగింది. రోజూ తప్పనిసరిగా తిన్నది ఏడాదికి ఒకటి రెండుసార్లు కావాలని తినేది అయింది. ఈ మార్పు అర్థమైతే మొదట్లో అడిగిన ప్రశ్న సగం విడిపోతుంది. ఆ లూటెఫిస్క్ ప్లేటు ఇప్పుడు కడుపు నింపే ప్లేటు కాదు, తాత కూర్చున్న కుర్చీలో కూర్చుని తినే ప్లేటు.

కొత్త ఆచారాలూ అదే క్యాలెండర్లో చేరాయి. ఈస్టర్‌కు మంచు కొండల మీది చిన్న ఇళ్లకు వెళ్లి నారింజ పళ్లు, 1937 నుంచి వస్తున్న క్విక్ లుంచ్ చాక్లెట్ తినడం. 1814 రాజ్యాంగం గుర్తుగా మే 17న పిల్లలకు ఎన్ని కావాలంటే అన్ని ఐస్‌క్రీములు, సాసేజ్‌లు. వేసవి సాయంత్రం పడవ దగ్గరే కొన్న రొయ్యలను బల్ల మీద కుప్పగా పోసుకుని, ఒలుచుకుంటూ బ్రెడ్డు మీద పెట్టుకోవడం. జులై చివర్లో చిత్తడి నేలల్లో పండే ముల్టె అనే నారింజరంగు పండు. దాన్ని ఎక్కడ ఏరామో సొంత అన్నదమ్ములకు కూడా చెప్పరని అంటారు. ఆ పండు కొంచెం దాచి క్రిస్మస్‌కు మీగడతో కలుపుతారు. అలా ఒక వేసవి సాయంత్రం డిసెంబరు బల్ల మీదికి వస్తుంది.

పాత లెక్కలో పండగ జనవరి 13తో ముగుస్తుంది. అప్పటికి స్టాబుర్ సగం ఖాళీ. ఉత్తరాన సూర్యుడు వారాల తరవాత అప్పుడప్పుడే క్షితిజం మీదికి తొంగి చూస్తుంటాడు. సరిగ్గా ఆ రోజుల్లోనే స్క్రై వస్తుంది. చేప, దాని కాలేయం, గుడ్లు, మూడూ విడివిడిగా ఉడికించి ఒకే ప్లేటులో పెట్టుకునే మోల్యె అప్పటి భోజనం. ఎండ లేని నెలల్లో శరీరానికి కావలసిన విటమిన్ డి ఆ కాలేయంలో ఉంది. 1854లో పీటర్ మోలర్ ఆవిరితో శుభ్రంగా తీయడం మొదలుపెట్టిన కాడ్ లివర్ ఆయిల్‌కు మూలం ఇదే. ఆ దేశంలో పిల్లలకు ఇప్పటికీ చలి నెలల్లో రోజుకో చెంచా పోస్తారు.

లోఫోటెన్ రేవుల్లో అప్పుడు బడి వదిలిన పిల్లలు రబ్బరు ఏప్రాన్లు కట్టుకుని వరసగా నిలబడతారు. ముందున్న బల్లకు నిలువుగా ఒక ఇనుప మేకు. తొట్టిలోంచి కాడ్ తల ఒకటి తీసి, ఆ మేకుకు గుచ్చి, కత్తితో ఒక్క కోత కోసి నాలుక తీసి పక్క బకెట్‌లో వేస్తారు. నాలుకలను పిండిలో పొర్లించి వేయించుకుంటారు, మంచి ధర పలుకుతుంది, ఆ డబ్బు పిల్లలదే. తలలు ఇంకో తొట్టిలోకి పోతాయి, అవి ఎండి నైజీరియా వెళ్తాయి. వెనకాల కొండ వాలు మీద, చీకటి పడుతున్నా, పెద్దవాళ్లు చేపలను జతలు జతలుగా పందిరికి ఎక్కిస్తూనే ఉంటారు.